కత్తి కన్నా ముందు కొలత



బెంగళూరుకు తూర్పున, మారతహళ్ళి దాటి వైట్‌ఫీల్డ్ వైపు వెళ్తుంటే కుందలహళ్ళి వస్తుంది. చెరువూ, పొలాలూ ఉన్న పల్లె ఒకప్పుడు. ఇప్పుడు కుందలహళ్ళి గేటు అంటే బస్సులు, క్యాబులు, అపార్ట్‌మెంట్లు, పి.జి. హాస్టళ్ళు, ఆంధ్రా మెస్సులు. 2023 మార్చిలో మెట్రో రైలు వచ్చాక ఆ పేరుతో ఒక స్టేషను కూడా వెలిసింది. ఈ వీధుల్లో కన్నడంతో పాటు తెలుగు కూడా ధారాళంగా వినిపిస్తుంది. నెల్లూరు, కడప, అనంతపురం, గుంటూరు, వరంగల్లు పిల్లలు ఇక్కడి కంపెనీల్లో పనిచేస్తుంటారు. కూతురి కాన్పుకనో, మనవణ్ణి చూసుకోవడానికనో వచ్చి నెలల తరబడి ఉండిపోయే అమ్మలు, అత్తమ్మలు వాళ్ళ ఇళ్ళల్లో ఉంటారు. సాయంత్రం పార్కు బెంచీల మీద వాళ్ళు చెప్పుకునే కబుర్లలో షుగరు, బి.పి., మోకాళ్ళ నొప్పులు అన్నీ వస్తాయి. రొమ్ములో గడ్డ సంగతీ, గర్భసంచి సంగతీ వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గుతుంది. ఈ రోజు ఆ రెండు సంగతులూ గొంతు తగ్గించకుండా మాట్లాడుకుందాం.

కుందలహళ్ళికి కూతవేటు దూరంలోనే వైట్‌ఫీల్డ్ పారిశ్రామిక వాడ ఉంది. చిత్తూరు జిల్లాకు చెందిన డి.కె. ఆదికేశవులు నాయుడు స్థాపించిన వైదేహి ఆసుపత్రి అక్కడే ఉంది, అందులో క్యాన్సర్ విభాగమూ ఉంది. జి.ఇ. కంపెనీ 2000లో మొదలుపెట్టిన జాన్ ఎఫ్. వెల్చ్ టెక్నాలజీ సెంటర్ కూడా ఆ వాడలోదే. ఒళ్ళు కోయకుండా లోపలి గడ్డల్ని చూపించే యంత్రాల మీద అక్కడి ఇంజనీర్లు పనిచేస్తారు. ఇంత దగ్గరలో ఇన్ని ఉన్నా, తన ఒంట్లో గడ్డ తగిలిన ఆడమనిషి మొదట చేసే పని దాన్ని దాచిపెట్టడం. దాచలేని రోజు వస్తే చేసే పని, ఎవరో భయపెట్టారని ఏదో ఒకటి తీయించేసుకోవడం. ఆ రెంటికీ నడుమ చేయవలసిన పని ఇంకొకటుంది. అదేమిటో తేల్చుకోవడం. డెబ్భై, ఎనభై ఏళ్ళుగా స్త్రీల గడ్డల మీద జరిగిన పరిశోధనలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఆ తేల్చుకునే పనే. మందులూ ఆపరేషన్లూ దాని తరవాతే.

ముందు మన ఇంటి లెక్క చూద్దాం. 2015–16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ వయసు ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది. తెలంగాణలో 7.7 మంది. దేశంలో కెల్లా మొదటి రెండు స్థానాలూ మనవే. ఇక 2019–21 నాటి సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నవాళ్ళెందరని అడిగారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అలాంటివాళ్ళు నూటికి అయిదుగురు కూడా లేరు. దేశం మొత్తం మీద ఇద్దరు కూడా లేరు. అంటే మన దగ్గర గర్భాశయ ముఖద్వారానికి పరీక్ష చేయించుకున్న ఆడవాళ్ళ కన్నా, గర్భసంచినే తీయించేసుకున్న ఆడవాళ్ళే ఎక్కువ. ఈ మాట ఒక్కటి మీకు గుర్తుండిపోతే చాలు, మిగతా ప్రసంగం అంతా మీరు మరిచిపోయినా నేను బాధపడను.

మా వీధిలో ఇళ్ళల్లో పనిచేసే ఒకామె ఉంది, రాయలసీమ మనిషి. నలభై కూడా రాలేదు, మెట్లెక్కితే ఆయాసం, నడుం నొప్పి, ఒళ్ళంతా వేడి ఆవిర్లు. "ఏముందక్కా, బట్ట ఎక్కువవుతోందని పోతే స్కానింగ్ తీసి గడ్డుందన్నారు. పిల్లలయ్యాక ఆ సంచితో పనేముంది, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది, తీసేస్తే పీడా పోతుందన్నారు. తీయించేసినా" అంది. ఆ గడ్డ ఏమిటమ్మా, ముక్క పరీక్షకు పంపారా, రిపోర్టులో ఏం రాశారు అని అడిగాను. "అదేమో నాకు తెలీదక్కా. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు." ఆమె ఒంట్లోంచి ఒక అవయవం పోయింది. ఎందుకు పోయిందో మాత్రం ఆమెకు తెలియదు.

గర్భసంచిలో వచ్చే గడ్డల్లో చాలా భాగం ఫైబ్రాయిడ్లు. కండర కణాలు ముద్ద కట్టి పెరిగేవి. అవి క్యాన్సర్ కావు, క్యాన్సర్‌గా మారడం అత్యంత అరుదు. ముట్లు ఆగిపోయాక చాలామందిలో వాటంతట అవే కుంచించుకుపోతాయి. రక్తస్రావం ఎక్కువైతే మందులున్నాయి, గర్భాశయంలో అమర్చే హార్మోన్ పరికరం ఉంది, గడ్డ ఒక్కటే తీసి సంచిని ఉంచే ఆపరేషన్ ఉంది. ఇవేవీ పనిచేయనప్పుడు, లేదా నిజంగా క్యాన్సర్ అని తేలినప్పుడు గర్భసంచి తీయడం ప్రాణం కాపాడే వైద్యమే. నేను ఆపరేషన్‌ను తప్పుపట్టడం లేదు. తేల్చుకోకుండా చేసే ఆపరేషన్ గురించి మాట్లాడుతున్నాను. ముప్పైల్లోనే సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు గుల్లబారుతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. ఆ భారం మోస్తూ కూలిపనికి వెళ్ళేది ఆమే. రొమ్ము విషయమూ ఇంతే. చిన్న వయసులో చేతికి తగిలి, అటూ ఇటూ జారిపోయే గుండ్రటి గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కానివే. కానీ చేత్తో పట్టుకుని చూసి, ఇది అదే, ఇది కాదు అని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కొలవాలి.

కొలత అంటే ఏమిటో చెప్పడానికి నాకు మన తెలుగువాడి కథే గుర్తొస్తుంది. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా బయలుదేరాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేస్తూ, రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతిని కనిపెట్టాడు. 1925లో వెలువడిన ఆ ఫిస్కే–సుబ్బారావు పద్ధతిని తరతరాల జీవరసాయన విద్యార్థులు ప్రయోగశాలల్లో నేర్చుకున్నారు. 1940లో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాలకు వెళ్ళాడు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, తరవాత ఆ ఆమ్లం పనికి అడ్డుపడే మందుల్నీ తయారుచేసింది. వేగంగా పెరిగే కణాలకు ఫోలిక్ ఆమ్లం కావాలి, అది అందకపోతే కణం చీలలేదు. ఆ మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తక్యాన్సర్ పిల్లలకు చికిత్స చేసి, కొంతకాలమైనా జబ్బును వెనక్కి నెట్టాడు. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. వయసు 53.

ఆ మందుల్లో రెండోదే మెథోట్రెక్సేట్. దాన్ని స్త్రీలకు వచ్చే ఒక భయంకరమైన గడ్డ మీద వాడిన కథ మన దగ్గర ఎక్కువమందికి తెలియదు. గర్భం వచ్చినప్పుడు ఒక్కోసారి బిడ్డకు బదులు మాయ మాత్రమే ద్రాక్షగుత్తిలా పొక్కులు పొక్కులుగా పెరుగుతుంది. అలాంటి గర్భం తరవాత గానీ, అరుదుగా మామూలు కాన్పు తరవాత గానీ, మాయ కణాల నుంచి కోరియోకార్సినోమా అనే క్యాన్సర్ పుట్టవచ్చు. అది గాలిలా ఊపిరితిత్తులకు పాకేది. పాకిందంటే, ఆ కాలంలో పడుచు తల్లులు నెలల్లో చనిపోయేవాళ్ళు. 1950ల నడుమ అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో రాయ్ హెర్ట్జ్, మిన్ చియు లీ అనే ఇద్దరు వైద్యులు ఈ రోగులకు మెథోట్రెక్సేట్ ఇచ్చారు. ఊపిరితిత్తుల్లో గడ్డలు కరిగిపోయాయి. 1956లో దాన్ని ప్రకటించారు. ఒకచోటి నుంచి మరోచోటికి పాకిన గట్టి గడ్డ మందులతోనే నయం కావడం వైద్య చరిత్రలో అదే మొదలు.

కానీ అసలు పాఠం మందులో లేదు. ఆ క్యాన్సర్ కణాలు ఒక హార్మోన్‌ను వదులుతాయి. గర్భం వచ్చిందా అని ఇంట్లో చూసుకునే స్ట్రిప్పు మీద రెండో గీత పడేలా చేసేది ఆ హార్మోనే. ఎక్స్‌రేలో గడ్డలు మాయమయ్యాక కూడా కొందరి మూత్రంలో ఆ హార్మోన్ ఇంకా పలుకుతోందని లీ గమనించాడు. కంటికి కనిపించకపోయినా జబ్బు ఇంకా ఉందన్నమాట. అది పూర్తిగా పోయేవరకూ మందు ఆపకూడదని పట్టుబట్టాడు. జబ్బు కనపడని ఆడవాళ్ళకు విషం లాంటి మందు ఇస్తున్నాడని పై అధికారులు తప్పుపట్టారు. ఆయన ఉద్యోగం పోయింది. తరవాత తేలిందేమిటంటే, హార్మోన్ పోయేవరకూ మందు తీసుకున్న స్త్రీలు బతికారు, ముందే ఆపేసినవాళ్ళలో జబ్బు తిరగబెట్టింది. 1972లో లీకీ, హెర్ట్జ్‌కీ లాస్కర్ బహుమతి వచ్చింది. ఈ రోజు ఈ క్యాన్సర్ వచ్చినవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా నయమవుతుంది, చాలామంది మళ్ళీ తల్లులవుతారు. మూత్రంలో భాస్వరాన్ని కొలవడం నేర్పిన మనిషి బృందం తయారుచేసిన మందు, మూత్రంలో హార్మోన్‌ను కొలిచిన మనిషి చేతిలో పనిచేసింది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇక మన దేశానికి వద్దాం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు ఎప్పుడూ హెచ్.పి.వి. అనే వైరస్సే మూలమని తేల్చినందుకు జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. వైరస్ వచ్చిన ప్రతివాళ్ళకూ క్యాన్సర్ రాదు. చాలామందిలో ఒకటి రెండేళ్ళలో వైరస్ పోతుంది. పాతుకుపోయిన కొద్దిమందిలో పది పదిహేనేళ్ళకు క్యాన్సర్ అవుతుంది. అంటే తేల్చుకోవడానికి మనకు పదేళ్ళ గడువు ఉంది. 2022 అంచనా ప్రకారం మన దేశంలో ఈ క్యాన్సర్ ఆ ఏడాది 1 లక్షా 27 వేల మందికి వచ్చింది, దాదాపు 80 వేల మంది చనిపోయారు. పదేళ్ళ గడువు ఇచ్చే జబ్బుకు ఇంతమంది బలికావడం నేను ఒప్పుకోలేను.

ఆ గడువును ఎలా వాడుకోవాలో చూపించింది మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా. ఒకప్పటి నిజాం రాజ్యంలోదే, ఇప్పుడు ధారాశివ్ అంటున్నారు. 1999లో మొదలుపెట్టి, 30 నుంచి 59 ఏళ్ళ వయసున్న 1,31,746 మంది పల్లెటూరి స్త్రీలను నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు హెచ్.పి.వి. పరీక్ష, ఒకదానికి ముఖద్వారం కణాలను తీసి సూక్ష్మదర్శినిలో చూసే పాప్ స్మియర్, ఒకదానికి వెనిగర్ రాసి కంటితో చూసే పరీక్ష, నాలుగోదానికి మామూలుగా అందే వైద్యం. ఎనిమిదేళ్ళు వెంబడించి లెక్కపెట్టారు. జీవితంలో ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష జరిగిన గుంపులో ముదిరిన క్యాన్సర్లూ, మరణాలూ సుమారు సగానికి తగ్గాయి. 2009లో ఈ ఫలితం వచ్చాక ప్రపంచమంతా ఈ పరీక్ష వైపు తిరిగింది. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్ళు, పదో తరగతి వరకు చదివిన మామూలు అమ్మాయిలకు శిక్షణ ఇచ్చి, రెండేళ్ళకోసారి వెనిగర్ పరీక్ష చేయించారు. అక్కడ ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. మన హైదరాబాద్ పక్కన మేడ్చల్ పల్లెల్లోనూ ఈ మూడు పరీక్షల్నీ ఒకే స్త్రీల మీద పోల్చి చూశారు, మిగతా రెండూ వదిలేసినవాటిని హెచ్.పి.వి. పరీక్ష పట్టుకుంది.

ఈ వైరస్ రాకుండా ఆపే టీకా కూడా ఉంది, దాని సంగతి వస్తే నేను ఖమ్మం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 2009 జులైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి హెచ్.పి.వి. టీకా వేసే కార్యక్రమం మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టాయి. పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల హాస్టళ్ళల్లో ఉండే గిరిజన బాలికలు. టీకా వేసుకున్నవాళ్ళలో కొందరు చనిపోయారన్న వార్తలతో గొడవ రేగింది. ఆ మరణాలకు టీకా కారణం కాదనే విచారణ కమిటీ అభిప్రాయపడింది. కానీ ఇంకో నిజం బయటపడింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదిక ప్రకారం, పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. కన్నవాళ్ళను అడగలేదు. ఆ పిల్లలకు ఏం వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో వాళ్ళ భాషలో కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు. టీకా మంచిదే. మంచి టీకా ఇస్తున్నాం కదా, అడగడం దేనికి అనుకోవడమే తప్పు. దాని ఫలితంగా ఎన్నో ఏళ్ళు మన ఊళ్ళల్లో ఈ టీకా పేరెత్తితేనే తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. ఆ తల్లులను నేను తప్పుపట్టను.

ఖమ్మం గొడవతో 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం దేశంలో ఈ టీకా అధ్యయనాలన్నిటినీ నిలిపివేసింది. అదే సమయంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వేరే అధ్యయనం నడుపుతోంది, మూడు డోసులకు బదులు రెండు చాలవా అన్నది దాని ప్రశ్న. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి అందులో ఒక కేంద్రం. ఆదేశం వచ్చేసరికి 17 వేలకు పైగా అమ్మాయిలకు టీకా మొదలైంది. అందరూ ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. 5 వేలకు కాస్త తక్కువమంది ఒక్క డోసు మీదే నిలిచిపోయారు. అధ్యయనం పాడైపోయిందనే ఎవరైనా అనుకుంటారు. పరిశోధకులు మాత్రం ఆ అమ్మాయిలను వదిలిపెట్టలేదు. వాళ్ళు పెద్దవాళ్ళయ్యారు, పెళ్ళిళ్ళయ్యాయి, అయినా ఏటేటా వెతుక్కుంటూ వెళ్ళారు. పదేళ్ళ తరవాత, 2021లో లెక్క తేలింది. ఒక్క డోసు తీసుకున్నవాళ్ళకు కూడా 16, 18 అనే నంబర్ల హెచ్.పి.వి. రకాలు పాతుకుపోకుండా 95 శాతం రక్షణ ఉంది, రెండు మూడు డోసుల వాళ్ళతో సమానంగా. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలునని ఒప్పుకోవడానికి ఈ అమ్మాయిలు పెద్ద ఆధారం. ఆఫ్రికాలో, ఆసియాలో పేద దేశాలు ఈ రోజు ఒక్క డోసు ఖర్చుతో తమ ఆడపిల్లల్ని కాపాడుకోగలుగుతున్నాయంటే, అందులో హైదరాబాద్ అమ్మాయిల వాటా ఉంది. వాళ్ళకు ఎవరైనా ఆ సంగతి చెప్పి దండం పెట్టారా అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

రొమ్ము క్యాన్సర్ సంగతి కొంచెం వేరు. దీనికి పదేళ్ళ గడువు లేదు, టీకా లేదు. బెంగళూరులో కిద్వాయి క్యాన్సర్ సంస్థ 1982 నుంచి నగరంలోని క్యాన్సర్ రోగుల లెక్క రాస్తోంది. ఒకప్పుడు ఆ పుస్తకంలో స్త్రీలకు మొదటి స్థానం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ది, ఇప్పుడు రొమ్ము క్యాన్సర్‌ది. 2020లో వచ్చిన జాతీయ నివేదికలో, వయసు తేడాలు సర్దుబాటు చేసి చూస్తే, దేశంలో కెల్లా ఎక్కువ రొమ్ము క్యాన్సర్ నమోదైంది హైదరాబాద్ జిల్లాలో, లక్షమంది స్త్రీలకు ఏడాదికి 48. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర ఇది సుమారు పదేళ్ళు ముందుగా వస్తోంది. అంటే కుందలహళ్ళి కంపెనీల్లో ఉద్యోగాలు చేస్తున్న నలభై ఏళ్ళ అమ్మాయిలు, అది అమ్మల వయసు జబ్బు అనుకోవడానికి వీల్లేదు.

దీని మీద కూడా మన దేశంలో గొప్ప పని జరిగింది. ముంబైలో 1,51,538 మంది స్త్రీలను ఇరవై ఏళ్ళ పాటు గమనించిన అధ్యయనం 2021లో అచ్చయింది. రొమ్మును ఎక్స్‌రే తీసే మామోగ్రామ్ యంత్రం లేదు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో రొమ్ములు పరీక్షించారు, అంతే. క్యాన్సర్లు ముదరకముందే బయటపడ్డాయి. యాభై దాటినవాళ్ళలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపువాళ్ళలో మరణాల మీద ప్రభావం కనపడలేదు, ఆ మాటా పరిశోధకులు దాచకుండా రాశారు. అలా రాసినందుకే నాకు ఆ మొదటి మాట మీద నమ్మకం.

అదే టాటా మెమోరియల్‌లో డాక్టర్ రాజేంద్ర బడ్వే బృందం ఇంకో పని చేసింది. రొమ్ము గడ్డ కోయడానికి ఏడు నుంచి పది నిమిషాల ముందు దాని చుట్టూ లిగ్నోకైన్ ఇంజక్షన్ ఇచ్చారు. పన్ను పీకే ముందు చిగురుకు ఇచ్చే మత్తుమందే అది. దేశంలో 11 ఆసుపత్రుల్లో దాదాపు 1,600 మంది మీద పరీక్షించి 2023లో ప్రకటించారు. అయిదేళ్ళకు బతికున్నవాళ్ళు ఇంజక్షన్ తీసుకోనివాళ్ళలో 86.4 శాతం, తీసుకున్నవాళ్ళలో 90.1 శాతం. వంద రూపాయలు కూడా కాని మందు అది. దాని మీద ఏ కంపెనీకీ లాభం లేదు, కనుక ప్రకటనలూ ఉండవు. మీ ఇంట్లో ఎవరికైనా ఆ ఆపరేషన్ నిర్ణయమైతే సర్జన్‌ను దీని గురించి అడగడంలో తప్పులేదు.

బెంగళూరు కూడా తన వంతు చేసింది. హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే రొమ్ము క్యాన్సర్‌కు ట్రాస్టుజుమాబ్ అనే మందు బాగా పనిచేస్తుంది, కానీ ధర ఆకాశంలో ఉండేది. బయోకాన్ దానికి సమానమైన మందును ఇక్కడే తయారుచేసి 2014లో మన మార్కెట్లోకి తెచ్చింది. 2017లో అమెరికా అనుమతి పొందిన తొలి ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్ కూడా అదే. అయితే ఆ మందు ఎవరికి పనిచేస్తుందో తెలియాలంటే ముక్క పరీక్షలో హెర్2 చూడాలి. ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ గ్రాహకాలు కూడా చూడాలి. రిపోర్టులో ఈ.ఆర్., పి.ఆర్., హెర్2 అనే మూడు పేర్లు ఉన్నాయా అని ఇంట్లో చదువుకున్న పిల్లలు చూడాలి. వైద్యం ఆ మూడింటి మీదే నడుస్తుంది.

ముక్క పరీక్ష అనగానే వచ్చే భయం నాకు తెలుసు. సూది గుచ్చితే గడ్డ రేగుతుంది, కత్తి తగిలితే పాకిపోతుంది అని మన పెద్దవాళ్ళు గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకం ఎందుకు వచ్చిందో ఊహించడం కష్టం కాదు. బాగా ముదిరాక ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళు పరీక్ష జరిగిన కొన్నాళ్ళకే పోయేవాళ్ళు, నింద సూది మీద పడేది. రొమ్ము గడ్డకు కోర్ సూదితో ముక్క తీస్తే ప్రాణానికి ముప్పు పెరుగుతుందనడానికి ఆధారం లేదు. తీయకపోతే మాత్రం చీకట్లో బాణం వేసినట్టే. డాక్టరు చేత్తో చూడడం, మామోగ్రామో అల్ట్రాసౌండో తీయడం, సూదితో ముక్క తీయడం, ఈ మూడూ ఒకే మాట చెప్పినప్పుడే నమ్మాలి.

ఇప్పుడు కుందలహళ్ళిలోని ఇంజనీరు అమ్మాయిలతో, అబ్బాయిలతో ఒక మాట. కొత్త యంత్రాలు తయారుచేసేది మీరే. ఒంటి వేడిని ఫొటో తీసి, కృత్రిమ మేధతో రొమ్ము క్యాన్సర్ జాడ పట్టే పద్ధతిని గీతా మంజునాథ్ 2016లో ఇదే బెంగళూరులో నిరామయ్ అనే సంస్థతో మొదలుపెట్టారు. ముట్టుకోనక్కర్లేదు, రేడియేషన్ ఉండదు, సిగ్గుపడి మామోగ్రామ్‌కు రాని స్త్రీలు దీనికి వస్తారు అన్న ఆలోచన నాకు నచ్చుతుంది. అయితే వేడి ఫొటో మామోగ్రామ్‌కు బదులు కాదని అమెరికా ఆహార ఔషధ సంస్థ స్పష్టంగా చెప్పింది. ఏ యంత్రానికైనా, ఎవరు తయారుచేసినదైనా, ఆఖరి పరీక్ష ఉస్మానాబాద్‌లో, ముంబైలో జరిగినదే. ఎన్ని గడ్డలు పట్టిందని కాదు, దానివల్ల ఎందరు స్త్రీలు చనిపోకుండా ఉన్నారని అడగాలి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఎక్కువ పట్టడం కూడా ప్రమాదమే. దక్షిణ కొరియాలో ఆరోగ్య పరీక్షల ప్యాకేజీల్లో థైరాయిడ్ అల్ట్రాసౌండ్ కలిపారు. 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 15 రెట్లయ్యాయి, ఎక్కువగా ఆడవాళ్ళల్లోనే. మరణాలు మాత్రం అంతకుముందు ఎంతో ఇప్పుడూ అంతే. అంటే ఎన్నటికీ హాని చేయని గడ్డల కోసం వేలమంది స్త్రీలు థైరాయిడ్ గ్రంథి పోగొట్టుకుని జీవితాంతం మాత్రలు మింగుతున్నారు. అండాశయ క్యాన్సర్‌ను ముందే పట్టాలని బ్రిటన్‌లో 2 లక్షలకు పైగా స్త్రీలను గుంపులు చేసి, కొందరికి ఏళ్ళ తరబడి సి.ఎ.–125 రక్తపరీక్షలు, స్కానింగులు చేశారు. 2021లో ఫలితం వచ్చింది. మరణాలు తగ్గలేదు. అయినా మన దగ్గర పండగ ఆఫర్లలో 'మహిళల ప్యాకేజీ' పేరుతో సి.ఎ.–125 కలిపి అమ్ముతూనే ఉన్నారు. ఏ లక్షణాలూ, కుటుంబంలో చరిత్రా లేని స్త్రీకి ఆ పరీక్ష మేలు చేస్తుందని ఎవరూ చూపలేదు. అదే డబ్బుతో ముప్పై దాటిన ప్రతి ఆడమనిషీ ఒక హెచ్.పి.వి. పరీక్ష చేయించుకుంటే నేను సంతోషిస్తాను. డబ్బు లేకపోయినా ఫరవాలేదు. ముప్పై దాటినవాళ్ళకు రొమ్ము పరీక్ష, ముఖద్వార పరీక్ష చేయడం ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల బాధ్యతల్లో ఉంది. వెళ్ళి అడగాలి, లేదంటే ఎందుకు లేదని అడగాలి.

ఇప్పటికే గర్భసంచి తీయించుకున్న అమ్మలకు ఒక మాట చెప్పి ముగిస్తాను. ఇంట్లో ఎక్కడో ప్లాస్టిక్ కవరులో ఆ ఆపరేషన్ డిశ్చార్జి కాగితం ఉంటుంది. పిల్లల చేత చదివించండి. ముఖద్వారం కూడా తీశారా, సంచి ఒక్కటే తీసి దాన్ని ఉంచేశారా చూడమనండి. ఉంచేసి ఉంటే మీకు ముఖద్వార పరీక్ష ఇప్పటికీ అవసరమే. అండాశయాలు తీశారేమో చూడమనండి, తీసి ఉంటే ఎముకల బలం గురించి డాక్టరుతో మాట్లాడాలి. ముక్క పరీక్ష రిపోర్టు ఆ కవరులో లేకపోతే, ఆపరేషన్ జరిగిన ఆసుపత్రికి తేదీ, పేరు రాసుకుని వెళ్ళి దాని నకలు అడగండి. అది మీ ఒంటికి సంబంధించిన కాగితం, అడిగే హక్కు మీకుంది.